కార్బురేటర్ పొంగుడు ఎట్ల ఆపిన

మిర్యాలగూడ నుంచి ఒక పాత మారుతి 800 నా దగ్గరికొచ్చింది. ఇంజెక్షన్ (కంప్యూటర్ లెక్కతో పెట్రోల్ చిమ్మే పద్ధతి) తీసి కార్బురేటర్ (గాలిల పెట్రోల్ కలిపే పాత పరికరం) ఎక్కించిన్రు. సెల్ఫ్ కొట్టంగనే పెట్రోల్ పొంగి కారుతుంది.

పాత పంపు అట్లనే ఉంది! ఇంజెక్షన్ పంపు 40 పీఎస్ఐ (ప్రెషర్ కొలత) దాకా తోస్తది. కార్బురేటర్‌కు 3, 4 చాలు. అంత ప్రెషర్‌కు, కార్బురేటర్ నిండంగనే పెట్రోల్ ఆపే నీడిల్ వాల్వ్ మూసుకోదు. ఆ పాత పంపు తీసి, ట్యాంకు పక్కన కార్బురేటర్‌కు సరిపోయే చిన్న ఎలక్ట్రిక్ పంపు, దానికి ముందు ఫిల్టర్ బిగించిన. మిగిలిన పెట్రోల్‌ను ట్యాంకుకు తిప్పి పంపే రిటర్న్ పైపు మాత్రం ఉంచిన. నల్గొండ ఎండలకు లైన్ల పెట్రోల్ ఆవిరైతది, తిరుగుతుంటే అంత వేడెక్కదు.

అన్నిటికంటే ముఖ్యం: ఇంజిన్ ఆగితే పంపును ఆపే పని ఇదివరకు ఈసీయూది (ఇంజెక్షన్‌ను నడిపే కంప్యూటర్). ఇప్పుడది లేదు. యాక్సిడెంట్ అయినా పంపు పెట్రోల్ పోస్తనే ఉంటది, బండ్ల మనుషులుంటరు. అందుకే ఆయిల్ ప్రెషర్ స్విచ్‌తో రిలే (కరెంటు ఇచ్చి ఆపే స్విచ్) పెట్టిన; ఇంజిన్ ఆగితే ఆయిల్ ప్రెషర్ పడిపోతది, పంపు ఆగుతది. సెల్ఫ్ కొట్టేటప్పుడు ఆ ప్రెషర్ ఇంకా ఉండదు, అప్పుడు పంపు తిరగనీకి ఇంకో రిలే. ఇది లేకుండ బండి ఇయ్యను.