యాప్ తీసేసినా ఫోన్ వదలడం లేదా? ముందు అన్‌లాక్‌ల లెక్క చూడండి

రాత్రి పన్నెండు దాటినా నిద్ర పట్టదు. పొద్దున లేస్తే తల బరువు. పుస్తకం తెరిచి పది నిమిషాలు కాకముందే చెయ్యి ఫోన్ మీదికి పోతుంది, ఎవరైనా పలకరిస్తే విసుగు. రీల్స్ యాప్ తీసేసి, మూడో రోజు మళ్లీ వేసుకుని ఉంటారు.

తిరుపతిలో యూనివర్సిటీకి దగ్గర్లో హాస్టల్ వార్డెన్‌ని. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు ఏటా ఇదే బాధతో నా గదికొస్తారు. అందరూ యాప్ తీసేసే వస్తారు, లెక్క చూసుకుని వచ్చినవాళ్లు లేరు. దయచేసి ముందు అది చూడండి. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ తెరిస్తే ఎన్ని గంటలు వాడారో ఉంటుంది. గంటలు చూసి ఆగిపోకండి, అక్కడే అన్‌లాక్‌ల సంఖ్య, అంటే రోజులో ఎన్నిసార్లు ఫోన్ లాక్ తీశారో, అది కూడా ఉంటుంది. ఐఫోన్‌లో అయితే స్క్రీన్ టైమ్ లోపల పికప్స్, అంటే ఫోన్ ఎన్నిసార్లు ఎత్తారో ఆ లెక్క. ఫోన్ ఎత్తగానే మొదట ఏ యాప్ తెరిచారో కూడా అది చెబుతుంది.

గంటలు ఎక్కువ, అన్‌లాక్‌లు తక్కువ

కూర్చుంటే లేవడం లేదన్నమాట. ఒక వీడియో అవగానే ఇంకోటి దానంతటదే మొదలయ్యే ఆటోప్లే ఆపండి. ఆ గంటకు ఫోన్ గదిలో వదిలేసి కపిలతీర్థం దాకా నడిచి రండి. ఇది త్వరగానే దారికొస్తుంది.

అన్‌లాక్‌లు వంద దాటితే

ఇక్కడే నేనూ మోసపోయాను. పొద్దున నాలుగున్నరకు అలారం పెడదామని రాత్రి పదిన్నరకు ఫోన్ తీసేవాణ్ణి. అలారం పెట్టడం అర నిమిషం పని. పైన వాట్సాప్‌లో ఏదో మెసేజ్, అందులో ఒక వీడియో, దాని కింద ఇంకోటి. తలెత్తి చూస్తే పన్నెండు. నెలల తరబడి నిద్ర జబ్బేమో అనుకుని సాయంత్రం కాఫీ మానేశాను, బీపీ చూపించుకున్నాను. వాట్సాప్ తీసేస్తే ఆ చోటుకు యూట్యూబ్ వచ్చింది. తప్పు యాప్‌ది అనుకున్నన్నాళ్లూ ఏమీ మారలేదు. అవసరమైన చిన్న పనే నన్ను లోపలికి తీసుకుపోతోందని చాలా ఆలస్యంగా తెలిసింది.

మీ సంగతి తేలాలంటే ఒక్కరోజు ఫోన్ వెనక చిన్న కాగితం అతికించి, తీసిన ప్రతిసారీ ఎందుకు తీశారో పెన్నుతో రాయండి. మా హాస్టల్లో ఒక పిల్లవాడి కాగితం మీద మధ్యాహ్నానికే ‘టైమ్’ అని పదకొండుసార్లు ఉంది. తర్వాత టార్చి, క్యాలిక్యులేటర్, ఓటీపీ. సరదా కోసం అని రాసింది రెండేసార్లు. అతను రీల్స్ యాప్ తీసేసి అప్పటికి వారమైంది.

అందుకే పరిష్కారం యాప్ తీసేయడం కాదు, ఆ చిన్న పనులను ఫోన్ నుంచి తీసేయడం. చేతికి వాచీ, గోడకు గడియారం, తలగడ పక్కన టైంపీసు, కరెంటు పోతే చిన్న టార్చి. గాంధీ రోడ్డులో నేను కొన్న టైంపీసు ఇప్పటికీ నడుస్తోంది. అన్నిటికన్నా ముఖ్యం చార్జర్. దాన్ని పడకగదిలోంచి తీసి హాల్లో పెట్టండి. ఇది చేయకపోతే మిగతావేవీ నిలబడవు.

ఓటీపీ, డబ్బు పంపడం, కొండ మీది మూడొందల రూపాయల దర్శనం టికెట్లు ఫోన్‌లోనే చేయాలి, తప్పదు. వాటిని నిలబడి చేయండి. పని కాగానే ఫోన్‌ను మళ్లీ హాల్లోనే పెట్టేయండి. మంచం మీద కూర్చున్నారంటే అరగంట పోతుంది.

మిగతావి

బ్లూ లైట్ కళ్లద్దాలు, స్క్రీన్ రంగులు తీసేసి నలుపు తెలుపు చేయడం లాంటివి తర్వాత చూసుకోవచ్చు. స్క్రీన్ వెలుగో, రంగులో మూలమైనవాళ్లు నాకు తగల్లేదు.

కానీ ఫోన్ తగ్గించి రెండు మూడు వారాలైనా దిగులు, నిద్రలేమి అలాగే ఉంటే అది ఫోన్ వల్ల వచ్చింది కాకపోవచ్చు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు. బతకాలని లేదన్న ఆలోచన వస్తే వారాలు ఆగకండి, ఆ క్షణమే చేయండి.

వారం తర్వాత అన్‌లాక్‌లు మళ్లీ చూడండి. తగ్గకపోతే ముందు చార్జర్ ఎక్కడుందో చూడండి. చాలామందికి అది ఎప్పుడో మళ్లీ మంచం పక్కకు చేరి ఉంటుంది.