టెంప్లేట్ స్లోనా, పాత పేజీనే వస్తోందా? ఏ కాష్ అడ్డం తిరిగిందో చూడండి

ముందు ఒకటి, ఇక్కడ కాష్‌లు (ఒకసారి చేసినదాన్ని మళ్ళీ వాడుకోడానికి దాచే చోట్లు) రెండు. టెంప్లేట్ ఫైల్‌ని (డేటా నింపడానికి ఖాళీలున్న పేజీ నమూనా) కోడ్‌గా మార్చి, అంటే కంపైల్ చేసి, దాచేది ఒకటి, డేటా కలిపాక వచ్చిన హెచ్‌టీఎంఎల్‌ని దాచేది ఇంకోటి. సగం తిప్పలు ఈ రెండూ కలిపేసుకోవడం వల్లే.

ప్రతి రిక్వెస్ట్ స్లో, సీపీయూ ఫుల్, డేటాబేస్ మాత్రం ఖాళీగానే ఉంది: అంటే టెంప్లేట్ ప్రతిసారీ మళ్ళీ కంపైల్ అవుతుండొచ్చు. నేనూ చేశా ఈ తప్పు, జింజా (పైథాన్ టెంప్లేట్ ఇంజిన్) ఎన్విరాన్‌మెంట్ ఆబ్జెక్ట్‌ని వ్యూ ఫంక్షన్ (రిక్వెస్ట్‌కి జవాబిచ్చే కోడ్) లోపలే క్రియేట్ చేసేవాడిని, దాని కాష్ (డీఫాల్ట్‌గా 400 టెంప్లేట్లు పడుతుంది) ఆ ఆబ్జెక్ట్‌తోనే పోతుంది కదా, ఇక కాష్ ఉండీ ఏం లాభం. యాప్ స్టార్ట్ అయ్యేటప్పుడు ఒక్కసారి క్రియేట్ చేసి అదే వాడండి. స్ట్రింగ్ నుంచి నేరుగా టెంప్లేట్ చేసినా ఆ కాష్‌లోకి వెళ్ళదు, ఫైల్‌లో పెట్టుకోండి. ఎక్స్‌ప్రెస్ (నోడ్ జేఎస్ వెబ్ ఫ్రేమ్‌వర్క్) అయితే నోడ్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ (NODE_ENV) ప్రొడక్షన్ అని ఉందో లేదో చూడండి, అలా ఉంటేనే వ్యూ కాష్ (ఇక్కడ వ్యూ అంటే టెంప్లేటే) దానంతటదే ఆన్ అవుతుంది.

కాష్ అంతా బానే ఉంది, అయినా రెండరింగ్‌కే (డేటా కలిపి పేజీ తయారుచేయడానికే) టైమ్ మొత్తం పోతోంది: ఇక్కడే అందరూ టెంప్లేట్ ఇంజిన్‌ని తిడతారు, పాపం దాని తప్పేం లేదు. జాంగో (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్)లో క్వెరీసెట్ (డేటాబేస్‌ని ఏం అడగాలో చెప్పేది) లేజీ, వ్యూలో రాసినప్పుడు కాదు, టెంప్లేట్‌లో లూప్ మొదలయ్యాకే డేటాబేస్‌కి వెళ్తుంది. 50 పోస్టులు చూపిస్తూ ఒక్కోదానికి రచయిత పేరు అడిగారనుకోండి, పోస్టులకి ఒక క్వెరీ, పేర్లకి 50, మొత్తం 51, ఆ టైమంతా ప్రొఫైలర్‌లో (ఏ పనికి ఎంత టైమ్ పట్టిందో చూపే టూల్) రెండరింగ్ ఖాతాలోనే పడుతుంది. సెలెక్ట్ రిలేటెడ్ (పోస్టులతోపాటే రచయితల వివరాలూ తెచ్చేది) పెడితే ఒక్క క్వెరీతో అయిపోతుంది. ఇంజిన్ మార్చేద్దాం అనుకునే ముందు క్వెరీలు లెక్కపెట్టండి.

డిప్లాయ్ చేశాం (కొత్త కోడ్ సర్వర్‌లో పెట్టాం), పాత పేజీనే వస్తోంది: డీబగ్ సెట్టింగ్ ఆఫ్‌లో ఉంటే జాంగో టెంప్లేట్లని మెమరీలో పెట్టుకుంటుంది, వర్కర్లు (యాప్‌ని నడిపే ప్రాసెస్‌లు) రీస్టార్ట్ చేయాల్సిందే. పీహెచ్‌పీలో ట్విగ్ (టెంప్లేట్ ఇంజిన్) వాడుతూ ఆటో రీలోడ్ (ఫైల్ మారితే మళ్ళీ కంపైల్ చేసే సెట్టింగ్) ఆఫ్ చేసుంటే కాష్ ఫోల్డర్ ఖాళీ చేయాలి, ఓపీకాష్‌లో (కంపైల్ అయిన పీహెచ్‌పీ కోడ్‌ని మెమరీలో దాచేది) టైమ్‌స్టాంప్ చెకింగ్ కూడా ఆఫ్ ఉంటే అదొక్కటే చాలదు, ఎఫ్‌పీఎం (పీహెచ్‌పీ ప్రాసెస్‌లని నడిపేది) కూడా రీలోడ్ చేయండి.

ఒకరు లాగిన్ అయితే ఇంకొకరి పేరు కనిపిస్తోంది: ఇది రెండో రకం కాష్ పని, అన్నిటికన్నా డేంజర్ కూడా ఇదే. హెడర్ ముక్కని కాష్ చేశారు కానీ కీలో (కాష్‌లో దాచినదాన్ని వెతికే పేరు) యూజర్ ఐడీ లేదు. జాంగో కాష్ ట్యాగ్‌లో టైమ్, పేరు ఇచ్చాక యూజర్ ఐడీ కూడా ఇవ్వాలి, సైట్ రెండు మూడు భాషల్లో ఉంటే భాష కూడా. కంగారులో కాష్ ఫ్లష్ చేసేసి (ఖాళీ చేసేసి) హమ్మయ్య అనుకోకండి, ముందు కీ సరిచేసిన కోడ్ డిప్లాయ్ చేసి ఆ తర్వాతే ఫ్లష్ చేయండి, లేకపోతే ఫ్లష్ అయ్యాక మొదట వచ్చిన వాళ్ళ పేరు మళ్ళీ అందులోకెళ్ళి కూర్చుంటుంది.