గుడి దగ్గరే వెనక్కి తిరగకండి: హెలెన్స్‌బర్గ్ కింద, సముద్రం ఒడ్డున ఉన్న బొగ్గు ఊళ్లను చూసే పద్ధతి

సిడ్నీ తెలుగువాళ్లలో హెలెన్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడి చూడనివాళ్లు తక్కువే. దర్శనం, క్యాంటీన్‌లో దోసె, పార్కింగ్‌లో పాత స్నేహితులతో అరగంట కబుర్లు, కాస్త ఓపికుంటే సీ క్లిఫ్ బ్రిడ్జి దాకా వెళ్లి నాలుగు ఫొటోలు, తర్వాత ఇల్లు. నేనూ నాలుగేళ్లు ఇదే చేశాను. ఒకసారి బ్రిడ్జికి ముందున్న బోర్డు చూసి మూడో క్లాసు చదివే మా అమ్మాయి అడిగింది: "నాన్నా, కోల్‌క్లిఫ్ అంటే బొగ్గుకొండే కదా, బొగ్గేది?"

సిగ్గేసింది. నేను పుట్టి పెరిగింది కొత్తగూడెంలో. మా నాన్న ముప్ఫై ఏళ్లు బాయి పని, అంటే బొగ్గు గనిలో పని చేశాడు. సైరన్ వింటే ఏ షిఫ్టో చెప్పగలిగినవాణ్ణి, బొగ్గు ఊళ్ల మీదుగా కారేసుకుని పోతూ వాటిని సముద్రం వ్యూ అనుకుంటున్నానన్నమాట. ఆ తర్వాత ఈ ఊళ్లకి చాలాసార్లు వెళ్లాను, చాలా తప్పులు చేశాను. మీరు చేయకుండా ఉంటారని రాస్తున్నా.

ముందొక మాట. మన గుడి ఉన్న హెలెన్స్‌బర్గే బొగ్గు ఊరు. అక్కడి మెట్రోపాలిటన్ గని 1880లలో మొదలై ఇప్పటికీ నడుస్తోంది. అక్కణ్ణుంచి కొండ దిగితే స్టాన్‌వెల్ పార్క్, కోల్‌క్లిఫ్, క్లిఫ్టన్, స్కార్‌బరో, వొంబారా, కోల్‌డేల్ వరసగా తగుల్తాయి. ఒకవైపు నిట్టనిలువు కొండ, ఇంకోవైపు సముద్రం, మధ్యలో రోడ్డు, రైలు పట్టాలు, రెండు వరసల ఇళ్లు పట్టేంత చోటు. కొన్నిచోట్ల అదీ లేదు. ఆరూ ఒక్కరోజులో చూడాలనుకోకండి, క్లిఫ్టన్ నుంచి కోల్‌డేల్ దాకా చాలు.

కారులోనా రైల్లోనా అంటే, మొదటిసారి రైల్లోనే వెళ్లండి. సౌత్ కోస్ట్ లైన్ రైలు ఈ ఊళ్ల మీదుగానే పోతుంది, క్లిఫ్టన్‌లో మాత్రం స్టేషన్ లేదు. రోడ్డు మీద పార్కింగ్ వెతుక్కునే టెన్షన్ ఉండదు. కానీ చిన్న స్టేషన్లలో ప్లాట్‌ఫాం పొట్టిది, రైలు మొత్తం ఆగదు, ఏ పెట్టెల్లోవాళ్లు దిగొచ్చో మైకులో చెప్తారు. నేను ఫోన్ చూసుకుంటూ వెనక పెట్టెలో కూర్చుని దర్జాగా ఊరు దాటిపోయాను. అన్ని రైళ్లూ ఈ స్టేషన్లలో ఆగవు కూడా, తిరుగు రైలు టైము ముందే చూసి పెట్టుకోండి.

బొగ్గు కథ కోల్‌క్లిఫ్‌తో మొదలుపెట్టండి, ఎందుకంటే దానికి మన దేశంతో సంబంధం ఉంది. 1796 నవంబరులో కలకత్తా నుంచి సిడ్నీకి సరుకుతో బయల్దేరిన ఓడ పేరు సిడ్నీ కోవ్. నావికుల్లో ఎక్కువమంది లస్కర్లు, అంటే ఓడల్లో కూలికి కుదిరిన మనవైపు మనుషులు. 1797 ఫిబ్రవరిలో ఓడ టాస్మానియా పక్కన ఒక దీవి దగ్గర పాడైంది. సాయం తెస్తామని 17 మంది చిన్న పడవలో బయల్దేరితే అదీ విక్టోరియా తీరంలో బద్దలైంది. ఇక నడకే. ఆ 17 మందిలో 12 మంది లస్కర్లు. వందల కిలోమీటర్లు ఒడ్డు వెంబడి నడిచారు. దారిలో కొన్నిచోట్ల అక్కడి ఆదివాసులు చేపలు పెట్టి, నదులు దాటించి ఆదుకున్నారు, కొన్నిచోట్ల గొడవలూ అయ్యాయి. మే నెలలో సిడ్నీకి దక్షిణాన ఒక చేపల పడవ కంటపడేసరికి మిగిలింది ముగ్గురు: విలియం క్లార్క్ అనే వ్యాపారి, ఒక నావికుడు, ఒక లస్కర్. దొరకడానికి కాస్త ముందు బోలెడంత బొగ్గు కనిపిస్తే దాన్నే మంటేసుకుని పక్కన పడుకున్నామని క్లార్క్ చెప్పాడు. ఆ మాట పట్టుకుని ఆగస్టులో జార్జ్ బాస్ అనే ఓడ డాక్టరు అక్కడికి వెళ్లి కొండలో ఆరడుగుల మందం బొగ్గు పొర చూసొచ్చాడు. ఆ రాత్రి ఆ మంట దగ్గర చలి కాచుకున్న ముగ్గురిలో ఒకడు మనవైపువాడు. ఇది పిల్లలకి అక్కడ, ఆ కొండ ఎదురుగా నిలబడి చెప్పండి. కారులో చెప్తే వినరు.

అయితే బొగ్గు దొరికిన వెంటనే గనులు రాలేదు. ఈ ఊళ్లున్న ఇలవారా ప్రాంతంలో మొదటి గని 1840ల చివర్లో మౌంట్ కియెరాలో తెరిచారు. కోల్‌క్లిఫ్ గని 1870ల చివర్లో మొదలైంది. మన సింగరేణిలో లాగా లోతుకు దిగే పని ఎక్కువ లేదిక్కడ. పొర కొండ పక్కలోనే బయటికి కనిపిస్తోంది కాబట్టి అడ్డంగా సొరంగం కొట్టుకుంటూ పోవడమే. గని నోటి ముందే జెట్టీ కట్టి బొగ్గుని నేరుగా ఓడల్లో పోసేవాళ్లు. అలలకి ఎదురుగా, ఏ అడ్డూ లేనిచోట ఓడ నిలిపి నింపడమంటే ఎంత కష్టమో గాలి ఉన్న రోజు ఆ ఒడ్డున నిలబడితే తెలుస్తుంది. 1888లో సిడ్నీతో రైలు కలిశాక ఊళ్లు కాస్త ఊపిరి పీల్చుకున్నాయి.

ఇక బ్రిడ్జి. 665 మీటర్లు, 2005 డిసెంబరులో తెరిచారు. రాళ్లు దొర్లిపడుతున్నాయని 2003లో పాత రోడ్డు మూసేశారు, రెండేళ్లకు పైగా ఈ ఊళ్లు మధ్యకి తెగిపోయాయి. ఉత్తరం నుంచి వచ్చే బండ్లు ఆగిపోయి వ్యాపారాలు దెబ్బతిన్నాయి. క్లిఫ్టన్‌లో ఉన్న ఇంపీరియల్ హోటల్ చాలా ఏళ్లు మూతపడి ఉండి ఈమధ్యే మళ్లీ తెరుచుకుంది. బ్రిడ్జి మీద నడిచే దారి సముద్రం వైపు ఉంటుంది. నడిచేటప్పుడు అందరూ సముద్రం చూస్తారు, మీరు వెనక్కి తిరిగి కొండ చూడండి: పొరలు పొరలుగా ఇసుకరాయి, మధ్యమధ్యలో ముదురు చారలు. ఈ ఊళ్లు పుట్టింది ఆ కొండలోని బొగ్గు వల్లే. ఇంకోటి, పైనుంచి బ్రిడ్జి ఫొటో కోసం పట్టాల పక్కగా పొదల్లో ఎక్కే దొంగదారి ఒకటి ఇంటర్నెట్‌లో తెగ తిరుగుతుంటుంది. ఎక్కకండి. కింద రాళ్ల మీదకి దిగి కొండ మొదట్లో కూర్చోవడమూ వద్దు, రాళ్లు రాలే కొండే అది.

బ్రిడ్జి దక్షిణం కొసన దిగగానే క్లిఫ్టన్. సగం మంది ఇక్కడ కారు తిప్పేస్తారు. అసలు చూడాల్సింది ఇక్కణ్ణుంచే. రోడ్డు పక్కన కొండ అంచున ఒక చిన్న పాత భవనం ఉంటుంది, క్లిఫ్టన్ స్కూల్ ఆఫ్ ఆర్ట్స్. పేరు చూసి బొమ్మలు నేర్పే బడి అనుకునేరు. 1911లో గని కార్మికులు తమ కోసం కట్టుకున్న హాలు అది. పుస్తకాలు, పేపర్లు, మీటింగులు, డాన్సులు అన్నీ అందులోనే. మన ఊళ్లో గ్రంథాలయం, యూనియన్ ఆఫీసు, ఫంక్షన్ హాలు కలిపి ఒకే గదిలో పెడితే ఎలా ఉంటుందో అలా అన్నమాట. గని పోయింది, ఊరు చిక్కిపోయింది, ఆ హాలు మాత్రం ఊళ్లోవాళ్లు ఊరికే పనిచేసి నిలబెట్టుకున్నారు. తలుపు తీసి ఉంటే లోపలికి వెళ్లండి. ఎవరో ఒక పెద్దాయనో పెద్దావిడో ఉంటారు.

వాళ్లతో మాట్లాడే పద్ధతి గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే నేను ఇక్కడే బోర్లాపడ్డాను. మొదటి ప్రశ్నే "ఇక్కడ ఎంతమంది చనిపోయారు?" అని అడిగాను. ఆయన నా మొహం ఒకసారి చూసి, "ఎంతమంది బతికారో అడగవచ్చు కదా" అని కిటికీ వైపు తిరిగాడు. నిజమే, మా నాన్నని ఎవరైనా అలా అడిగితే నాకూ మండుతుంది. తర్వాతిసారి మా నాన్న కూడా బొగ్గు పనిచేశాడని మొదలుపెట్టాను. కుర్చీ లాగి కూర్చోబెట్టారు. మీకు అలాంటి చుట్టరికం లేకపోయినా పర్లేదు. డబ్బాలో ఏం తీసుకెళ్లేవాళ్లు, బాయి నుంచి వచ్చాక స్నానం ఎక్కడ, సమ్మెల్లో పచారీ కొట్టు అప్పిచ్చేదా, ఇలాంటివి అడగండి, గంట గడిచిపోతుంది. రికార్డ్ చేయాలనుకుంటే ముందు అడగండి.

క్లిఫ్టన్ నుంచి స్కార్‌బరో నడకే. అక్కడి హోటల్ 1880ల నాటిది, వెనక తోటలో కూర్చుంటే సముద్రమే. దాటాక, వొంబారా వైపు, శ్మశానం ఉంది. సముద్రం వైపు వాలిన పచ్చిక, ఉప్పుగాలికి అరిగిపోయిన రాళ్లు. మన అలవాటు ప్రకారం శ్మశానానికి పిల్లల్ని తీసుకెళ్లం, అది మీ ఇష్టం, కానీ ఒక ఊరి చరిత్ర ఇంత పొందిగ్గా ఇంకెక్కడా దొరకదు. ఇంటిపేర్లు చూడండి, వయసులు చూడండి. అక్షరాలు చెరిగిపోయినచోట రాయిని గీకకండి, సుద్దముక్క రుద్దకండి. ఫోన్ టార్చి పక్కవాటుగా వేస్తే నీడల్లో అక్షరాలు లేస్తాయి.

కోల్‌డేల్‌కి మధ్యాహ్నం చేరేలా చూసుకోండి. నాకు వీటన్నిట్లో ఇష్టమైన ఊరు ఇదే, కారణం ఆస్పత్రి. 1917లో తెరిచిన కోల్‌డేల్ ఆస్పత్రి ప్రభుత్వం దయతలచి ఇచ్చింది కాదు, గని కార్మికులు తలా కొంత వేసుకుని తెచ్చుకున్నది. కొత్తగూడెంలో మాకు కంపెనీ ఆస్పత్రి ఉండేది, కంపెనీ క్వార్టర్ ఉండేది, కరెంటు కూడా కంపెనీదే. ఇక్కడివాళ్లు ఆస్పత్రి, హాలు తామే పోగేసి కట్టుకున్నారు. అందుకేనేమో గనులు మూతపడ్డాక కూడా ఊరు చెదరలేదు. బీచిలో జెండాలు పాతి కాపలా కాసే సర్ఫ్ క్లబ్బు కుర్రాళ్లు ఇప్పటికీ జీతం లేని వాలంటీర్లే. (వాళ్లు పాతిన ఎరుపు-పసుపు జెండాల మధ్యే నీళ్లలోకి దిగండి. ఈత రాకపోతే రాతిలో కట్టిన సముద్రపు కొలను ఉంది, టికెట్ లేదు, కానీ ఆటుపోట్లు చూసుకుని వెళ్లండి, పోటు మీదున్నప్పుడు అలలు గోడ దాటి వస్తాయి.) ఇసుకలో నల్లగా, నున్నగా, తేలిగ్గా ఉండే గులకరాళ్లు దొరుకుతాయి. మా అమ్మాయి ఒకటి తీసి కాగితం మీద గీసింది. నల్ల గీత పడింది. దాని ప్రశ్నకి జవాబు చేతిలోనే ఉంది.

కొండకి సముద్రానికి మధ్య బతకడమంటే ఏంటో కూడా ఈ ఊరికి తెలుసు. 1988 ఏప్రిల్ 30న, వానలకి నానిన రైలు కట్ట జారి కింద ఉన్న ఇంటి మీద పడితే తల్లీ బిడ్డా పోయారు. అలాంటిచోట, కార్మికులు కట్టుకున్న చెక్క ఇళ్లు ఇప్పుడు మిలియన్ డాలర్లు దాటిపోయాయి. బాయి పని చేసేవాడెవడూ కొనలేడు. కోపం వస్తుందా అంటే వస్తుంది, ఏం చేస్తాం.

ఇంటి దగ్గర చేయాల్సిన పని ఒకటుంది, నిజానికి వెళ్లే ముందే చేస్తే మేలు. ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయం వాళ్ల ట్రోవ్ అనే సైటులో చాలా పాత పేపర్లు ఉచితంగా చదవొచ్చు. ఊరికే క్లిఫ్టన్ అని కొడితే లోకంలోని క్లిఫ్టన్‌లన్నీ వస్తాయి. పేపరు పేరు ఇలవారా మెర్క్యురీ అని ఎంచుకుని, దశాబ్దం పెట్టి, ఆ కాలం మాటలతో వెతకండి. పైకప్పు నుంచి బొగ్గు కూలితే 'ఫాల్ ఆఫ్ కోల్' అనేవాళ్లు. బొగ్గు నింపి లాగే బండి, అంటే మన టబ్బు, వాళ్లకి స్కిప్. గుర్రంతో స్కిప్పులు లాగించేవాడు వీలర్. లాడ్జి అని కనిపిస్తే రూము దొరికే లాడ్జి కాదు, యూనియన్ శాఖ. కంప్యూటర్ చదివిన అక్షరాలు తప్పుల తడక, పక్కనే ఉన్న అసలు పేజీ బొమ్మ చూడండి. తప్పు కనిపిస్తే మీరే దిద్దొచ్చు కూడా, అదో వ్యసనం.

ఇంకా ఓపికుంటే కోల్‌డేల్ నుంచి పది పదిహేను నిమిషాలు దక్షిణానికి వెళ్తే బులై. 1887 మార్చి 23న అక్కడి గనిలో గ్యాస్ పేలి 81 మంది చనిపోయారు, మగవాళ్లు, పిల్లలు. అదే ఏడాది జనవరిలో సమ్మె విరగ్గొట్టడానికి కూలీలను ఎక్కించుకొచ్చిన రైలుకి ఆ ఊరి ఆడవాళ్లు అడ్డం పడ్డారు. సమ్మె ముగిసి మళ్లీ బాయిలోకి దిగిన కొద్ది వారాలకే పేలుడు. స్టేషన్ దగ్గర పేర్లు చెక్కిన స్తంభం ఉంది. ఇంకా దక్షిణాన మౌంట్ కెంబ్లాలో 1902 జులై 31న 96 మంది పోయారు, ఏటా ఆ రోజుకి తలుచుకుంటారు.

పోయినేడు నాన్న వచ్చినప్పుడు బులై స్తంభం దగ్గరికి తీసుకెళ్లాను. ఇంగ్లీషు చదవలేడు, నేనే ఒక్కో పేరూ చదివాను. అంతా విని ఒకటే అడిగాడు: "ఆ షిఫ్టుల గ్యాస్ చూసిన సర్దార్ బతికిండా?" మన బాయిల్లో షిఫ్టు మొదలయ్యే ముందు గ్యాస్ ఉందో లేదో దీపంతో చూసి సరే అనేది సర్దారే, ఇక్కడ అతన్ని డెప్యూటీ అంటారు. నాకు తెలీదన్నాను. ఇంటికొచ్చి ట్రోవ్ తెరిస్తే విచారణలో సాక్షులు చెప్పిందంతా చిన్న అక్షరాల్లో పేజీలకి పేజీలు ఉంది. ఒంటిగంట దాకా నేను చదివి తెలుగులో చెప్తూ ఉన్నాను, ఆయన మధ్యమధ్యలో ఆపి, "ఆగు, ఆ దీపం సంగతి మళ్లీ చదువు" అంటూ కూర్చున్నాడు.