పిల్లలకు యాంటీబయాటిక్ సిరప్: ఎప్పుడు అక్కర్లేదు, రాసినప్పుడు ఎలా పట్టాలి

ఐదేళ్ళలోపు పిల్లలకు ఏడాదికి ఆరేడు సార్లు జలుబు చేయడం మామూలే. జ్వరం రెండు మూడు రోజులు, ముక్కు కారడం వారం పది రోజులు, దగ్గు ఒక్కోసారి మూడు వారాల దాకా ఉంటుంది. ఇది వైరస్ పని. యాంటీబయాటిక్ చంపేది బ్యాక్టీరియాను. జలుబుకు, ఫ్లూకి, డెంగీకి ఇస్తే జ్వరం ఒక్క పూట కూడా ముందు తగ్గదు. విరేచనాలు, ఒంటి మీద దద్దుర్లు మాత్రం రావచ్చు. మందుకు లొంగని సూక్ష్మజీవులు కడుపులో మిగిలిపోతాయి, రేపు నిజంగా అవసరమైనప్పుడు అదే మందు పనిచేయకపోవచ్చు.

చీమిడి పచ్చగా మారిందని భయపడకండి. ఒంటిలోని రక్షణ కణాలు అక్కడ చేరడంతో వచ్చే రంగు అది. చూడాల్సింది ఊపిరి. బిడ్డ నిద్రపోతున్నప్పుడు చొక్కా పైకెత్తి, పొట్ట కదలికను గడియారం పెట్టుకుని పూర్తి నిమిషం లెక్కపెట్టండి. పసిపిల్లల ఊపిరి ఒకే తీరున సాగదు కాబట్టి 15 సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవేస్తే లెక్క తప్పుతుంది. 2 నెలల్లోపు 60, అక్కడి నుంచి ఏడాదిలోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ళ వరకు 40: అంతకు చేరితే న్యుమోనియా అనుమానించి ఆ రోజే చూపించాలి. డొక్కలు ఎగరేస్తుంటే లెక్కతో పనిలేదు, వెంటనే ఆసుపత్రికి బయల్దేరండి. పాలు తాగలేకపోయినా, తాగిందంతా కక్కేస్తున్నా, ఫిట్స్ వచ్చినా, పిలిస్తే కళ్ళు తెరవకపోయినా అంతే. మూడు నెలల్లోపు బిడ్డకు జ్వరం 100.4 డిగ్రీలు ఉంటే తెల్లారేదాకా ఆగకూడదు.

నీళ్ళ విరేచనాలకు ఓఆర్‌ఎస్, 14 రోజుల జింక్ (ఆరు నెలలు దాటితే రోజుకు 20 మి.గ్రా.) చాలు. రక్తం పడితే డాక్టరుకు చూపించండి.

డాక్టరు యాంటీబయాటిక్ రాస్తే అక్కడే మూడు మాటలు అడగండి: ఇది దేనికి, ఎన్ని రోజులు, ఎన్నో రోజుకు తగ్గకపోతే మళ్ళీ తీసుకురావాలి? బిడ్డను ఆ రోజే తూకం వేయించండి. మోతాదు కట్టేది బరువును బట్టి, వయసును బట్టి కాదు. అందుకే అన్నకు రాసిన సీసా చెల్లికి పనికిరాదు.

అసలు తప్పులు జరిగేది ఇంట్లో, నీళ్ళు కలిపి సిరప్ చేసుకోవాల్సిన పొడి సీసా దగ్గర. మూత తీయకముందే సీసాను అరచేతికి తట్టి అడుగున గట్టిపడ్డ పొడిని వదులు చేయండి. డబ్బాలో నీళ్ళు ఇచ్చి ఉంటే అవే, మొత్తం పోయాలి. లేకపోతే కాచి పూర్తిగా చల్లార్చిన నీళ్ళు సీసా మీది గీతకు కొంచెం కింద దాకా పోసి, మూత బిగించి బాగా కుదపండి. నురగ దిగాక మట్టం తగ్గి కనిపిస్తుంది. అప్పుడు గీత దాకా నింపి మళ్ళీ కుదపండి. వేడి నీళ్ళు పోస్తే మందు చెడుతుంది, గీత దాటితే పలచబడి మోతాదు తగ్గుతుంది. పట్టే ప్రతిసారీ కుదపాలి. లేదంటే మందు అడుగున పేరుకుని, మొదటి రోజులు నీళ్ళు, చివరి రోజు అతి మోతాదు పట్టినట్టవుతుంది.

కలిపిన తేదీ సీసా మీద రాయండి. అమాక్సిసిలిన్‌తో క్లావులనేట్ ఉన్న సిరప్‌ను ఫ్రిజ్‌లో పెట్టి (పైన గడ్డకట్టే అరలో కాదు) ఏడు రోజుల్లో వాడేయాలి. మిగతావాటికి లేబుల్ చూడండి. ఇంట్లో ఫ్రిజ్ లేకపోతే డాక్టరుకు ముందే చెప్పండి. నీళ్ళలో కరిగే బిళ్ళలు రాసే వీలుంటుంది.

ఎక్కువమంది గమనించని లెక్క ఒకటుంది. పూటకు 5 మి.లీ. చొప్పున రోజుకు రెండుసార్లంటే 10 మి.లీ. 30 మి.లీ. సీసా మూడు రోజులకే ఖాళీ. ఐదు రోజులకు రాస్తే రెండు సీసాలు కావాలి. సీసా అయిపోతే కోర్సు అయిపోయినట్టు కాదు. రెండోది ముందే కొనండి, మొదటిది అయ్యాకే నీళ్ళు కలపండి.

షాపులో బ్రాండు మార్చి ఇస్తే పేరు కన్నా ముందు బలం చూడండి. అమాక్సిసిలిన్ సిరప్ 5 మి.లీ.లో 125 మి.గ్రా. ఉన్నదీ దొరుకుతుంది, 250 ఉన్నదీ దొరుకుతుంది. చీటీలో ఉన్నదానికి తేడా కనిపిస్తే డాక్టరును అడగకుండా పట్టొద్దు.

కొలతకు వంటింటి చెంచా, ఉగ్గుగిన్నె వాడకండి. ఒక్కో చెంచాలో ఒక్కో కొలత పడుతుంది. సీసాతో ఇచ్చిన కప్పు, అంతకన్నా సూది లేని సిరంజి మేలు. బిడ్డను కాస్త నిటారుగా కూర్చోబెట్టి సిరంజిని బుగ్గ లోపలి వైపు పెట్టి కొద్దికొద్దిగా వదలండి. ముక్కు మూసి గొంతులో పోస్తే పొలమారుతుంది. పాలసీసాలో కలిపితే బిడ్డ సగం పాలు వదిలేసినప్పుడు సగం మందూ పోతుంది. పట్టిన అరగంటలోపు కక్కేస్తే అదే మోతాదు మళ్ళీ ఇవ్వాలో లేదో డాక్టరుకు ఫోన్ చేసి అడగండి.

జ్వరం తగ్గిందని మధ్యలో ఆపొద్దు, తగ్గలేదని రెండో రోజే మందు మార్పించొద్దు. టైఫాయిడ్‌లో సరైన మందు పడ్డాక కూడా జ్వరం దిగడానికి నాలుగైదు రోజులు పట్టవచ్చు. ఆ లోపు బిడ్డ మందకొడిగా మారితే మాత్రం వెంటనే చూపించాలి. మందు పట్టాక ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా ఆపేసి ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఆ మందు పేరు బిడ్డ టీకా కార్డు మీద రాసిపెట్టి, తర్వాత ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా ముందు అదే చూపించండి.