రబ్బరు బ్యాండు గుంజే ముందు మీ ముఖం ఎక్కడుందో చూసుకోండి

చీలమండ బెణికి కోలుకుంటున్న ఒక కుర్రాడు పోయిన వారం నాకు ఫోన్ చేశాడు. మంచం మీద కాళ్లు చాపుకుని, పాదం ముందు భాగానికి వ్యాయామానికి వాడే సాగే రబ్బరు బ్యాండు తగిలించి, రెండు కొసలూ గడ్డం దాకా గుంజి పట్టుకుని పాదాన్ని కిందికి నొక్కుతున్నాడట. బ్యాండు కాలి వేళ్ల మీదుగా జారి నేరుగా కంటికి తగిలింది. నల్లగుడ్డు ముందు రక్తం చేరింది. ఆ వ్యాయామం నేర్పింది నేనే. పాదం ఎలా కదపాలో చెప్పాను, ఎన్నిసార్లు చెయ్యాలో చెప్పాను. ముఖం ఎక్కడ ఉండాలో చెప్పలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఇలాంటి దెబ్బలు కొత్తవి కావు. అమెరికా సెనేటర్ హ్యారీ రీడ్ 2015 జనవరి 1న ఇంట్లో బ్యాండుతో వ్యాయామం చేస్తూ పడిపోయారు. పక్కటెముకలు, ముఖం ఎముకలు విరిగాయి, కుడి కంటి చూపు పోయింది. 2020లో కొవిడ్ వల్ల జిమ్‌లు మూతపడి జనం ఇళ్లలో బ్యాండ్లు పట్టినప్పుడు, మయామీలోని బాస్కమ్ పామర్ కంటి ఆసుపత్రి వైద్యులు బ్యాండు దెబ్బ తిన్న కళ్ల కేసులను ఒక వైద్య పత్రికలో ప్రచురించారు. వాటిలో ఎక్కువగా కనిపించింది కూడా కంటి ముందు భాగంలో రక్తం చేరడమే.

వార్మప్ చెయ్యండి, నీళ్లు తాగండి లాంటివి మీకు తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను. ఎక్కువమందిని దెబ్బతీసిన తప్పు ఒకటుంది: బ్యాండు దారిలో ముఖం పెట్టడం.

బ్యాండుకు రెండు కొసలు. ఒకటి మీ చేతిలో, రెండోది తలుపుకో, స్తంభానికో, మీ పాదానికో. చేతిలోది జారితే బ్యాండు మీకు దూరంగా పోతుంది. అవతలి కొస ఊడితే మాత్రం మీ వైపే వస్తుంది. మధ్యలో తెగితే చెరో ముక్కా చెరో వైపు ఎగురుతుంది. అందరూ చేతిపట్టు గట్టిగా ఉందా అని చూసుకుంటారు. ప్రమాదం ఉన్నది అవతలి కొసలో. అక్కడి నుంచి మీ చేతి దాకా ఒక గీత ఊహించుకోండి, దాన్ని మీ వెనక దాకా పొడిగించండి. ఆ గీత మీద మీ కళ్లు ఉండకూడదు.

చీలమండ వ్యాయామంలో ఈ తప్పు తెలియకుండానే జరిగిపోతుంది. పాదం ఎలా కదులుతోందో చూద్దామని ముందుకు వంగుతాం, చేతులు ఛాతీ మీదికి వస్తాయి, ముఖం సరిగ్గా ఆ గీత మీదికి చేరుతుంది. గోడకు వీపు ఆనించి కూర్చోండి. చేతులు తొడల పక్కన, నడుం దగ్గర ఉంచండి. బూటు వేసుకోండి. బ్యాండును పాదం చుట్టూ ఒక చుట్టు తిప్పి, ఆ తరవాతే కొసలు పట్టుకోండి. వేళ్ల అంచున కాదు, పాదం మధ్యకు దగ్గరగా. కూర్చుని పాదాలకు బ్యాండు వేసి వెనక్కి లాగే వ్యాయామానికీ ఇదే పద్ధతి. నిలబడి బ్యాండును కాలి కింద తొక్కిపట్టి పైకి లాగేటప్పుడు ఇంకా జాగ్రత్త, అది కాలి కింద నుంచి తప్పుకుంటే గడ్డం కిందికే వస్తుంది. రెండు కాళ్లతో తొక్కండి, తల కాస్త వెనక్కి ఉంచండి.

తలుపుకు తగిలించేవాళ్లకు: మీరు లాగితే తలుపు ఇంకా బిగుసుకోవాలి గానీ తెరుచుకోకూడదు. అంటే తలుపు మీకు అవతలి వైపు తెరుచుకునేదై ఉండాలి. గడియ వేసి, అవతల ఉన్నవాళ్లకు చెప్పి మొదలుపెట్టండి. తలుపు పిడికి, కుర్చీ కాలికి, టేబులుకు తగిలించొద్దు. మొదట కొద్దిగా, ముఖం పక్కకు తిప్పుకుని, రెండు మూడుసార్లు లాగి చూడండి.

ఇక బ్యాండు సంగతి. చాలా బ్యాండ్లు సహజ రబ్బరు పాలతో చేసినవే. ఎండ, వేడి, నూనె, గాలిలోని ఓజోన్ దాన్ని మెల్లగా తినేస్తాయి. చిన్న గాటు పడిందంటే సాగదీసిన ప్రతిసారీ బలమంతా ఆ గాటు కొన దగ్గరే పోగవుతుంది, ఒకరోజు ఒక్కసారిగా చీలుతుంది. అందుకే ప్రతిసారీ వెలుతురుకు ఎదురుగా పట్టి, కొంచెం సాగదీసి చూడండి. ముఖ్యంగా ముడి పడేచోట, చేతికి చుట్టుకునేచోట. గాటు, తెల్లబారిన మచ్చ, జిగట, ఏది కనిపించినా పారేయండి. పాడైనదాన్ని ముడి వేసి వాడుకోవద్దు. ఈత కొలనులో వాడితే మంచినీళ్లతో కడిగి, నీడలో ఆరబెట్టి, కాస్త టాల్కం పౌడరు అద్దండి.

సాగదియ్యడానికీ హద్దుంది. మామూలు పొడవుకు మూడింతలు దాటనివ్వకండి. మీటరు బ్యాండును రెండు మీటర్లు చేసేసరికి అది వెనక్కి లాగే బలం ఎంతో తెలుసుకుంటే మంచిది: థెరాబ్యాండు అనే కంపెనీ లెక్కల ప్రకారం పసుపు రంగుది సుమారు 1.3 కిలోలు, ఎరుపు 1.7, ఆకుపచ్చ 2.1, నీలం 2.6, నలుపు 3.3. వేరే కంపెనీ ఆకుపచ్చ ఈ ఆకుపచ్చతో సమానం కాకపోవచ్చు. కాబట్టి "నీలం చేస్తున్నాను" అని మీ ఫిజియోకి చెప్పినా సరిపోదు, ఏ కంపెనీదో, ఎంత పొడవు పట్టుకున్నారో కూడా చెప్పాలి. సగం పొడవు పట్టుకుంటే, చెయ్యి అంతే దూరం కదిపినా బ్యాండు రెండింతల నిష్పత్తిలో సాగుతుంది. పట్టుకునేచోట పెన్నుతో గుర్తు పెట్టుకోండి. సాగేకొద్దీ లోపల పోగయ్యే శక్తి చాలా వేగంగా పెరుగుతుంది, జారినప్పుడు ముఖానికి తగిలేది ఆ శక్తే.

నొప్పి తగ్గగానే రంగు మార్చేస్తుంటారు. నొప్పి పోవడం వేరు, కుట్టు వేసిన స్నాయువు (కండరాన్ని ఎముకకు కలిపే తాడు) అతుక్కోవడం వేరు. భుజానికో మోకాలికో ఆపరేషన్ అయినవాళ్లు సర్జను, ఫిజియో ఒప్పుకున్నాకే బ్యాండు పట్టాలి. మోకాలి లిగమెంటు ఆపరేషన్ అయినవాళ్లు పిక్కకు బ్యాండు కట్టి కాలు చాపే వ్యాయామం సొంతంగా మొదలుపెట్టొద్దు.

మిగతావి వరసగా చెప్తాను.

లాగడానికి ఎంతసేపు పడుతుందో, వెనక్కి వదలడానికి దానికి రెట్టింపు తీసుకోండి. వదిలేటప్పుడూ కండరం పనిచేస్తుంది, పట్టు తప్పేదీ అక్కడే.

శ్వాస బిగపట్టొద్దు, రక్తపోటు ఉన్నవాళ్లయితే అసలే వద్దు.

చేతులకు నూనె, లోషన్ ఉంటే కడుక్కుని రండి. ఉంగరాలు తీసెయ్యండి.

బ్యాండును చేతికి బిగించి చుట్టొద్దు. వేళ్లు చల్లబడినా, తిమ్మిరెక్కినా ఆపండి.

షుగరు వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు వట్టి కాలికి బ్యాండు వెయ్యొద్దు. కోసుకుపోయినా తెలియదు.

రబ్బరు తొడుగులు తొడిగినప్పుడు దురద, దద్దుర్లు వచ్చినవాళ్లు లేటెక్స్ (రబ్బరు పాలు) లేని బ్యాండే కొనండి. అరటిపండు, అవకాడో, కివీ పడనివాళ్లకు లేటెక్స్ కూడా పడకపోవచ్చు, డాక్టరుకు ముందే చెప్పండి.

వెనక ఏముందో చూసుకోండి. చేతిలోంచి జారితే మీరు వెనక్కి పడతారు. గాజు, మెట్లు, బల్ల అంచు ఉన్నచోట నిలబడొద్దు.

బ్యాండుకు ఎదురుగా పిల్లలు ఉండకూడదు. ఉంటే మొదలుపెట్టొద్దు.

మర్నాటికి వాపు వచ్చినా, నొప్పి ముందురోజు కంటే పెరిగినా రంగు తగ్గించండి. ఓర్చుకుని చెయ్యడం వద్దు.

బ్యాండు సాగి ఉండగా ఫోన్ ఎత్తొద్దు. తల తిప్పి మాట్లాడొద్దు.

మళ్లీ చెప్తున్నాను, బ్యాండు దారిలో ముఖం పెట్టొద్దు. వంగి చూడాలనిపిస్తే ముందు బ్యాండు వదులు చెయ్యండి, తరవాత చూడండి.

ముఖం దారిలోకి రాక తప్పని వ్యాయామమైతే మీ ఫిజియోని వేరేది అడగండి. తప్పదంటే పాలికార్బనేట్ రక్షణ కళ్లద్దాలు పెట్టుకోండి. మామూలు చదువు అద్దాలు పనికిరావు, పగిలితే ఇంకో గాయం.

కంటికి తగిలితే నలపొద్దు. నొక్కొద్దు. మందుల పెట్టెలోని చుక్కలు వెయ్యొద్దు. నొప్పికి ఆస్పిరిన్ మింగొద్దు, రక్తస్రావం పెరగొచ్చు. తల ఎత్తి కూర్చుని, ఎవరినైనా తోడు తీసుకుని అదే రోజు కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి. చూపు మామూలుగానే ఉందనిపించినా వెళ్లండి. మెరుపులు, నల్ల చుక్కలు, పక్క నుంచి తెర కమ్మినట్టు నీడ కనిపిస్తే గంట కూడా ఆగొద్దు, రెటీనా ఊడిపోతూ ఉండొచ్చు.

లోపల రక్తం చేరిన కంటికి ఏళ్ల తరవాత కూడా నీటికాసుల జబ్బు (గ్లకోమా) రావచ్చు. ఆ కుర్రాడి చూపు తేరుకుంటోంది. ఏటా కంట్లో ప్రెషర్ చూపించుకోమని చెప్పాను. నిన్న మళ్లీ వచ్చి, గోడకు వీపు ఆనించి, చేతులు తొడల పక్కన పెట్టి, పసుపు బ్యాండుతో మొదలుపెట్టాడు.