ఓడ ఎక్కే ముందు లగేజీ రాకపోతే ఏం చేయాలి

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లి, వారితో కలిసి సియాటిల్ నుంచి అలాస్కా ఓడ యాత్రకు బయలుదేరే తల్లిదండ్రులు ఇప్పుడు పాలమూరు, నల్లగొండ వైపు కూడా కనిపిస్తున్నారు. మామూలు ప్రయాణంలో పెట్టె ఒకరోజు ఆలస్యమైనా ఇంటికే వచ్చి చేరుతుంది. ఓడ ఎక్కాక మాత్రం మీ చిరునామాయే రోజుకొక ఊరికి మారుతుంది; ఓడ ఎవరి పెట్టె కోసమూ ఆగదు. అందుకే మీరు ఏ రోజు ఏ రేవులో ఉంటారో పెట్టెను వెతికేవారికి రాతపూర్వకంగా తెలియజేయడం అన్నిటికన్నా ముఖ్యం.

ఓడ కదిలే రోజునే విమానం దిగేలా టికెట్లు కొనవద్దు. వీలైతే రెండు రోజుల ముందే చేరుకోవాలి. సర్దేటప్పుడు భార్యాభర్తల బట్టలను రెండు పెట్టెల్లోనూ సగం సగం కలిపి పెడితే, ఒకటి తప్పిపోయినా ఇద్దరికీ కట్టుకోవడానికి కొంత మిగులుతుంది. బీపీ, షుగర్ మాత్రలు యాత్ర మొత్తానికి సరిపడా, డాక్టర్ చీటీతో సహా చేతి సంచిలోనే ఉండాలి. అక్కడి డాక్టరు రాసివ్వనిదే ఆ మందులు అమెరికా దుకాణాల్లో అమ్మరు. పాస్‌పోర్టు, నగలు, ఓడ కాగితాలు, రెండు జతల బట్టలు, ఒక స్వెటరు కూడా అందులోకే. మామిడికాయ తొక్కు సీసాను మాత్రం 100 మిల్లీలీటర్ల నిబంధన వల్ల చేతి సంచిలో తేనివ్వరు కాబట్టి అది పెద్ద పెట్టెలోకే పోవాలి. పోతే పోయిందని ముందే మనసుకు చెప్పుకోవాలి.

పాత ప్రయాణాల ట్యాగులను, వాటితో వచ్చే చిన్న బార్‌కోడ్ స్టిక్కర్లను పూర్తిగా పీకేయాలి, లేకపోతే యంత్రం వాటిని చదివి పెట్టెను దారి మళ్లించే ప్రమాదం ఉంది. పెట్టె మూసే ముందు లోపలి సామాను, మూసిన తరువాత పెట్టె ఫోటోలు తీసుకుని, ఓడ పేరు, గది నంబరు, తేదీల వారీగా రేవుల పేర్లు రాసిన కాగితాన్ని బట్టల పైనే ఉంచాలి. శంషాబాద్ కౌంటరులో ట్యాగు చీటీ మీది చివరి విమానాశ్రయం సరైనదేనా అని చూసుకోవాలి. అమెరికాలోనే మరో ఊరిలో విమానం మారేవారు, పెట్టెకు సియాటిల్ ట్యాగు ఉన్నా సరే, సాధారణంగా మొదట దిగిన విమానాశ్రయంలోనే దాన్ని బెల్టు మీది నుంచి తీసుకుని, కస్టమ్స్ దాటాక మళ్లీ అప్పగించాలి. మన పెద్దవాళ్లు ఎక్కువగా పొరపడేది ఇక్కడే.

సియాటిల్‌లో బెల్టు ఖాళీగా తిరుగుతూ ఆగిపోయినా నా భార్య పెట్టె రాలేదు. కౌంటరులోని ఉద్యోగి రంగు అడిగితే నలుపు అన్నాము; ఆయన రకరకాల పెట్టెల బొమ్మలున్న అట్టను మా ముందుకు జరిపి, ఇలాంటి నల్లవి రోజూ ఎన్నో వస్తాయన్నట్టు చూశాడు. మూత తీయగానే ఎర్ర అంచు పసుపు నారాయణపేట చీర కనిపిస్తుందని ఆమె చెప్పాక, అతను మొదటిసారి కలం ఎత్తి రాసుకున్నాడు. లోపలి వస్తువుల్లో ఒకటి రెండు గుర్తులు అంత పనికివస్తాయి.

పెట్టె రాలేదని కౌంటరులో రాయించే ఈ ఫిర్యాదు పత్రాన్ని పి.ఐ.ఆర్. అంటారు, దాని నంబరు చేతికి రాకుండా విమానాశ్రయం దాటవద్దు. రెండు మూడు సంస్థల విమానాలు మారి వచ్చినా, చివరిగా దింపిన సంస్థ దగ్గరే దీన్ని రాయించాలి. హోటల్ చిరునామా ఒక్కటే ఇచ్చి ఊరుకోకుండా, ఓడ సంస్థ పేరు, ఓడ పేరు, గది నంబరు, రేవుల పట్టిక అందులో చేర్పించి, అదే పట్టికను ఈ-మెయిల్ కూడా చేయాలి. అదే రోజు ఓడ సంస్థకు ఫోన్ చేసి, రేవులో తమ తరఫున సామాను అందుకునే ఏజెంటు వివరాలు అడిగి విమాన సంస్థకు అందించాలి. అలాస్కాలోని జూనో నగరానికి బయటినుంచి రోడ్డు లేదు, విమానంలోనో ఓడలోనో రావలసిందే. హిమానీనదాలున్న గ్లేసియర్ బే అనే అఖాతాన్ని చూసే రోజున ఓడ ఏ రేవుకూ చేరదు. కాబట్టి విమానాశ్రయమున్న జూనో, కెచికన్ వంటి రేవులను తేదీలతో సూచించి, అక్కడికి పంపమని స్పష్టంగా కోరాలి. మా పెట్టె జూనోలోనే అందింది.

అంతవరకు కావలసినవి సియాటిల్‌లోనే కొనుక్కోవాలి, ఓడలోని దుకాణాల్లో ధరలు ఎక్కువ. పాలమూరు ఎండలకు అలవాటుపడ్డవారికి అలాస్కా వేసవి కూడా చలే కనుక మొదట చలికోటు, తరువాతే మిగతావి. అవసరమైనవే కొని, ప్రతి రశీదు ఫోటో తీసి ఉంచాలి.

అంతర్జాతీయ ప్రయాణాలకు వర్తించే మాంట్రియల్ ఒప్పందం ప్రకారం, 2024 డిసెంబరు 28 నుంచి సామాను విషయంలో విమాన సంస్థ బాధ్యత ఒక్కో ప్రయాణికుడికి గరిష్ఠంగా 1,519 ఎస్.డి.ఆర్.లు (అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్కగట్టే ప్రమాణం), అంటే సుమారు 2,000 డాలర్లు. ఇది పరిమితి మాత్రమే. నష్టాన్ని రశీదులతో చూపవలసింది మనమే. పెట్టె ఆలస్యంగా అందితే అందిన నాటినుంచి 21 రోజుల్లో, పగిలి అందితే 7 రోజుల్లో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. ఓడలో ఉన్నంతకాలమూ ఈ గడువు నడుస్తూనే ఉంటుంది కనుక, ఇంటికి చేరాక చూద్దామనుకోకుండా తరువాతి రేవులో దిగగానే ఫోటోలు జతచేసి ఈ-మెయిల్ పంపాలి. 21 రోజులు దాటినా పెట్టె రాకపోతే పోయినట్టుగానే పరిగణించి పూర్తి పరిహారం కోరవచ్చు. యాత్ర ముగిసే నాటికి ఇంకా రాకపోతే, ఓడ దిగడానికి ఒకరోజు ముందే పి.ఐ.ఆర్. నంబరుతో ఫోన్ చేసి, చిరునామాను పిల్లల ఇంటికి మార్పించాలి.