కరెంటు రేట్లు ఖరారయ్యేలోపే మన మాట ఈఆర్సీకి చేర్చడం ఎలా

బిల్లు వచ్చాక అందరం తిట్టుకుంటాం గానీ, రేట్లు ఖరారు చేసేముందు జనాన్ని అడగాలని చట్టంలోనే ఉంది. 2003 విద్యుత్ చట్టం 64వ సెక్షన్ ప్రకారం డిస్కం (మనకి కరెంటు సరఫరా చేసే కంపెనీ) అడిగిన చార్జీల మీద మన అభ్యంతరాలు, సూచనలు చూశాకే ఈఆర్సీ, అంటే రేట్లు ఖరారు చేసే విద్యుత్ నియంత్రణ కమిషన్, ఆర్డర్ ఇవ్వాలి. అదే చట్టం 87వ సెక్షన్ కింద రాష్ట్ర సలహా కమిటీ కూడా ఉంటుంది, 21 మందికి మించరు, అందులో పరిశ్రమలే కాదు, రైతులు, కార్మికులు, వినియోగదారులు, స్వచ్ఛంద సంస్థల తరఫు వాళ్ళూ ఉండాలి. వాళ్ళు చెప్పేది సలహానే, కమిషన్ ఒప్పుకుని తీరాలని లేదు, అందుకే నేనైతే రెండు దారులూ పట్టుకోమంటాను.

ముందు పేపర్లలో వచ్చే పబ్లిక్ నోటీస్ మీద కన్నేయండి, చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఆఖరి తేదీ అందులోనే ఉంటుంది. తర్వాత ఈఆర్సీ వెబ్‌సైట్‌లో డిస్కం పెట్టిన ఏఆర్ఆర్ తెరవండి, అంటే ఏడాదికి ఎంత ఖర్చవుతుంది, ఎంత రాబట్టాలి అన్న లెక్క. వందల పేజీలు చూసి భయపడొద్దు, మీ కేటగిరీ రేటు, కరెంటు కొనుగోలు ఖర్చు, లైన్ నష్టాలు (దారిలోనే పోయే కరెంటు), వ్యవసాయ వాడకం ఈ నాలుగూ చూస్తే చాలు. వ్యవసాయం లెక్క మాత్రం గట్టిగా అడగండి, ఎందుకంటే మీటర్ లేని పంపుసెట్ల వాడకం అంచనాయే కదా, లైన్ నష్టాలు అందులో కలిసిపోయినా పైకి తెలీదు.

అభ్యంతరం తెలుగులోనే రాయండి. పేరు, అడ్రస్, సర్వీస్ నంబర్ వేసి, ఈఆర్సీకీ, డిస్కంకీ కాపీలు పంపి రసీదులు దాచుకోండి, ఈఆర్సీ పెట్టే బహిరంగ విచారణలో మాట్లాడతానని కూడా అందులోనే రాయండి, ఇది మర్చిపోవద్దు.

"సప్లై బాలేదు" అంటే ఎవరూ పట్టించుకోరు. మా ఊళ్ళో ట్రాన్స్‌ఫార్మర్ కాలితే రైతులే ట్రాక్టర్ మాట్లాడుకుని రిపేర్‌కి తీసుకెళ్ళారు, కాలిన తేదీ, తిరిగొచ్చిన తేదీ, ట్రాక్టర్ కిరాయి, దాని కింద ఎన్ని మోటార్లు ఆగాయి అన్నీ ఒక్క కాగితం మీద రాసిచ్చాం. మాట్లాడ్డానికి కొద్ది నిమిషాలే ఇస్తారు, ఆ కాగితం చూసి చదివితే సరిపోతుంది.

ఆర్డర్ వచ్చాక మీ పాయింట్ వెతకండి, డిస్కం జవాబు, కమిషన్ అభిప్రాయం పక్కపక్కనే ఉంటాయి. జవాబు దాటేసినట్టుంటే ఆ పేజీ జిరాక్స్ తీసి సలహా కమిటీలో రైతుల తరఫు సభ్యుడికి ఇచ్చి, వచ్చే మీటింగ్‌లో ఎత్తమని అడగండి.